మా బండి హ్యాండిలుకి జ్వరం

కిందటి ఏడు కాదు, అంతకు ముందు ఏడు డిసెంబరు. పొద్దున్న ఏడూ ముప్పావుకి లంబసింగి జంక్షన్‌లో బండి ఆపి టీ తీసుకున్నాను. గాజు గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటే వేడి తగల్లేదు. చల్లారిన టీ ఇచ్చాడేమో అనుకుని పెద్ద గుక్క వేశాను. నాలిక కాలింది. టీ పొగలు కక్కుతూనే ఉంది, పని మానేసింది నా వేళ్ళు. బడికి వెళ్ళాక సుద్దముక్క రెండుసార్లు జారి పడింది. ఫోను తెరుద్దామని వేలు పెడితే నన్ను గుర్తుపట్టనంది.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి హ్యాండిల్ గ్రిప్పులకి వేడి పుట్టించే సరుకు ఏమైనా దొరుకుతుందా అని వెతకడం మొదలుపెట్టాను. ఆ తరవాత రెండు సెట్లు కొన్నాను, ఒకసారి బ్యాటరీ చంపుకున్నాను, ఒక మలుపులో ప్రాణం గొంతులోకి తెచ్చుకున్నాను. రెండు శీతాకాలాలు గడిచాయి కాబట్టి ఇప్పుడు ధైర్యంగా రాస్తున్నాను.

నేను ఫిజికల్ సైన్స్ మాస్టారిని. ఉండేది నర్సీపట్నంలో. పని చేసేది లంబసింగి దాటి ఇంకో పది కిలోమీటర్లు పోతే వచ్చే హైస్కూల్లో. పోనూ రానూ ఎనభై కిలోమీటర్లు. బండి రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ళ హిమాలయన్ 411, కొండదారుల కోసం చేసిన పెద్ద బండి. ఈ వయసులో మాస్టారికి హిమాలయన్ ఏమిటని మీరు అడగకముందే చెబుతున్నాను: అది మావాడు సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. బెంగళూరులో ఉద్యోగం రాగానే "నాన్నా, నువ్వు వాడుకో" అని తాళం చేతిలో పెట్టి బస్సెక్కాడు. నా పాత నూటపాతిక సీసీ బండి ఘాట్‌లో మూడో గేరుకే ఆయాసపడేది, అందుకని నేనూ మొహమాటపడలేదు.

ఈ రోడ్డు తెలియనివాళ్ళకి ఒక మాట. నర్సీపట్నం దాదాపు మైదానం. డౌనూరు దాటాక ఘాట్ మొదలవుతుంది. లంబసింగి సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు. దానికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. ఆరుబయట పడుకున్నవాడు తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరు వచ్చిందంటారు. టూరిస్టులు శని, ఆదివారాల్లో పొగమంచు చూడటానికి వచ్చి, నెగడు చుట్టూ నిలబడి ఫొటోలు దిగి, బొంగు చికెన్ తిని వెళ్ళిపోతారు. వాళ్ళకి అది ముచ్చట. సోమవారం నుంచి శనివారం దాకా అదే పొగమంచులోంచి బండి నడిపేవాడికి అది వేళ్ళ నొప్పి.

ఒకరోజు బడి ల్యాబ్‌లోని థర్మామీటరు తెచ్చి బండి ముందున్న కడ్డీకి కట్టాను. ఇంటి దగ్గర 17, లంబసింగిలో 6. అంతేగా అనిపిస్తుంది. కానీ బండి మీద ఉన్నవాడికి లెక్క వేరు. కెనడా, అమెరికా వాతావరణ శాఖలు 2001 నుంచి వాడుతున్న విండ్ చిల్ సూత్రం ఒకటి ఉంది. గాలి వేగం కలిస్తే చర్మానికి చలి ఎంతలా అనిపిస్తుందో అది చెబుతుంది. 6 డిగ్రీల్లో గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతే ఆ సూత్రం ఇచ్చే జవాబు దాదాపు సున్నా. అంటే నా చేతులు రోజూ అరగంటసేపు మంచుగడ్డ పక్కన కూర్చుంటున్నాయి. పైగా అవి కదలవు. ఒకే చోట బిగించి పట్టుకుని ఉంటాయి. ఒంట్లో వేడి తగ్గితే శరీరం ముందు గుండెనీ కాలేయాన్నీ చూసుకుంటుంది, వేళ్ళకి రక్తం తగ్గించేస్తుంది. స్వెట్టరు మీద స్వెట్టరు వేసినా వేళ్ళు కొంకర్లు పోవడం అందుకే.

వేడి గ్రిప్పులు కొనకముందు ఊరంతా చేసేవే నేనూ చేశాను. ఉన్ని గ్లౌజుల మీద పాలిథిన్ కవరు తొడిగి మణికట్టు దగ్గర రబ్బరు బ్యాండు వేశాను. గాలి ఆగుతుంది, కానీ ఘాట్ ఎక్కేసరికి లోపల చెమట పట్టి అదే చల్లబడుతుంది. హారన్ మీటకీ ఇండికేటరు మీటకీ తేడా తెలియదు. ఎదురుగా వస్తున్న జీపుకి హారన్ కొట్టబోయి డిప్పర్ వేసిన రోజులున్నాయి. ఆగిన ప్రతిచోటా గ్లౌజులతో ఇంజనుని తడమటం ఇంకో పద్ధతి. అది బాగానే పనిచేస్తుంది, కాకపోతే గ్లౌజు మాడు వాసన క్లాసు దాకా వస్తుంది.

మొదటి సెట్టు ఆన్‌లైన్‌లో కొన్నాను. పేరూ ఊరూ లేని సరుకు. 1,450 రూపాయలు. రెండు గ్రిప్పులు, ఒక మీట, ఎర్రది ఒకటీ నల్లది ఒకటీ వైర్లు. మీట పైకి వేస్తే ఎక్కువ వేడి, కిందికి వేస్తే తక్కువ వేడి, మధ్యలో ఆఫ్. ఊళ్ళో ఒక షాపులో పావుగంటలో బిగించి ఇచ్చారు. పావుగంటలో అయిపోయిందంటేనే అనుమానం రావాల్సింది, రాలేదు.

మొదటి రోజు స్వర్గంలా ఉంది. రెండో రోజుకి ఒక సంగతి తెలిసింది. కుడిచెయ్యి వెచ్చగా, ఎడమచెయ్యి గోరువెచ్చగా కూడా కాకుండా ఉంది. సెట్టు పాడైందేమో అనుకుని బడిలోని మల్టీమీటరు పెట్టి చూశాను. రెండు గ్రిప్పులకీ నిరోధం సరిగ్గా సమానం, చెరి 8 ఓములు. అప్పుడు తట్టింది. కుడి గ్రిప్పు కింద యాక్సిలరేటర్ ప్లాస్టిక్ గొట్టం ఉంటుంది, దాని కింద హ్యాండిల్ ఇనుము. ప్లాస్టిక్ వేడిని లోపలికి పోనివ్వదు. ఎడమ గ్రిప్పు నేరుగా ఇనుము మీదే కూర్చుంటుంది. చల్లటి ఇనప గొట్టం ఆ వేడిని తాగేస్తుంది. చేసినవాడికి ఈ జ్ఞానం ఉంటే ఎడమదానికి ఎక్కువ వాట్లు ఇవ్వాలి, లేదా హ్యాండిలుకీ గ్రిప్పుకీ మధ్య వేడి ఆపే పొర పెట్టాలి. నా సెట్టుకి ఈ రెండూ లేవు. ఉష్ణవాహకాలు, బంధకాల పాఠం చెప్పేటప్పుడు ఇరవై ఏళ్ళుగా చెక్క పిడి ఉన్న పెనం ఉదాహరణే వాడుతున్నాను. ఆ వారం నుంచి నా హ్యాండిల్ ఉదాహరణ చేరింది.

రెండో వారంలో బ్యాటరీ చచ్చింది. ఆ షాపులో వైర్లు తిన్నగా బ్యాటరీకి కలిపేశారు. తాళం తీసినా మీట ఆన్‌లో ఉంటే కరెంటు పోతూనే ఉంటుంది. నేను ఓ రోజు మీట వేసే ఉంచి క్లాసుకి వెళ్ళిపోయాను. లెక్క చూడండి. 12 వోల్టులు, 8 ఓములు, గ్రిప్పుకి ఒకటిన్నర ఆంపియరు, రెండిటికీ కలిపి 3. హిమాలయన్ బ్యాటరీ 8 ఆంపియర్ అవర్లు. రెండున్నర గంటలు దాటితే చాలు, ఖాళీ. సాయంత్రం నాలుగున్నరకి సెల్ఫ్ కొడితే టక్ అని ఒక్క చప్పుడు. ఈ బండికి కిక్కు లేదు. పదో తరగతి కుర్రాళ్ళు పదిమంది చేరి హుషారుగా తోశారు. వాళ్ళ ఉత్సాహం చూసి నేనూ రెండో గేరులో క్లచ్ వదిలాను. కానీ ఇది కార్బురేటర్ బండి కాదు. పెట్రోలు పంపు తిరగడానికీ కరెంటే కావాలి. గ్రౌండు చుట్టూ రెండు రౌండ్లు తోసి, వాళ్ళకి ఆయాసం వచ్చి, నాకు సిగ్గు వచ్చి ఆగాం. చివరికి చింతపల్లి వైపు పోతున్న జీపు డ్రైవరొకాయన పుణ్యాన రెండు తీగలు కలిపి స్టార్ట్ చేసుకుని, చీకటి పడ్డాక ఇంటికి చేరాను.

దాన్ని కూడా క్షమించేవాణ్ణి. ఆ మలుపుని క్షమించలేదు.

సంక్రాంతి సెలవులకి రెండు రోజుల ముందు, ఘాట్ దిగుతున్నాను. మలుపు ముందు యాక్సిలరేటర్ వదిలాను. అది వెనక్కి రాలేదు. ఎక్కడ వదిలానో అక్కడే ఉండిపోయింది. బండి వేగం తగ్గకుండా మలుపులోకి పోతోంది. క్లచ్ పట్టేశాను. ఇంజను అరిచింది. బొటనవేలితో ఎర్ర మీట నొక్కి ఇంజను చంపి, బ్రేకు మీద ఆపాను. రోడ్డు పక్కన రాతిగోడ నా కాలికి రెండు అడుగుల దూరంలో ఉంది. అయిదు నిమిషాలు అక్కడే కూర్చున్నాను. గ్రిప్పు చేత్తో తిప్పితే ముక్కుతూ మూలుగుతూ తిరుగుతోంది.

మర్నాడు వైరింగ్ మేస్త్రీ దగ్గరికి పట్టుకెళ్ళాను. ఇతను నా దగ్గరే చదువుకున్నాడు. ఫిజిక్స్‌లో 38 మార్కులతో గట్టెక్కినవాడు. ఇప్పుడు నర్సీపట్నంలో ట్రాక్టరు, కారు, బైకు ఏ వైరింగైనా కళ్ళు మూసుకుని చేస్తాడు. గ్రిప్పు బ్లేడుతో చీల్చి తీసి చూశాడు.

"ఏటి మాస్టారూ, ఆకురాయి పట్టకుండానే ఎక్కించీసినారేటండి?"

అసలు కథ ఇదీ. బండితో వచ్చిన యాక్సిలరేటర్ గొట్టం మీద చిన్న చిన్న గట్లు ఉంటాయి, మామూలు రబ్బరు గ్రిప్పు జారకుండా. వేడి గ్రిప్పు లోపల గట్టి ప్లాస్టిక్ ఉంటుంది, అది రబ్బరులా సాగదు. గట్లన్నీ ఆకురాయితో నున్నగా అరగదీయాలి, అప్పుడే గ్రిప్పు సాఫీగా ఎక్కుతుంది. నాకు బిగించినవాళ్ళు ఆ పని ఎగ్గొట్టి, సుత్తితో కొట్టి ఎక్కించారు. ఆ ఒత్తిడికి గొట్టం నొక్కుకుపోయి హ్యాండిల్ ఇనుముని పట్టేసింది. పైగా గ్రిప్పు మరీ లోపలికి దిగి మీటల పెట్టెకి రాసుకుంటోంది. ఎండల్లో సరిపోయేది కూడా చలికి ఇంకాస్త బిగుసుకుంటుంది. ఇన్ని కలిస్తే యాక్సిలరేటర్ వెనక్కి ఎందుకు వస్తుంది?

ఆ సెట్టు అక్కడే చెత్తబుట్టలో వేశాం. మావాడికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. వాడు ముందు తిట్టాడు, తరవాత బెంగళూరులో బైకు సామాన్ల షాపులో ఆక్స్‌ఫర్డ్ హాట్‌గ్రిప్స్ కొని పంపాడు. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లండు కంపెనీ. చలీ వానా పోటీపడే దేశం, వాళ్ళకి ఈ బాధ బాగానే తెలిసి ఉంటుంది. ధర అడిగితే వాడు చెప్పలేదు. డబ్బాలో బిల్లు మర్చిపోయాడు. అయిదంకెల సంఖ్య. మా ఆవిడ చూసి, "ఏవండీ, ఈ డబ్బుతో బస్సులో వెళ్తే ఏడాదంతా వెచ్చగా కూర్చుని వెళ్ళొచ్చు" అంది. లెక్క తప్పు, కానీ దిద్దలేదు.

ఈ సెట్టులో గ్రిప్పులు రెండూ వేరు వేరుగా చుట్టి ఉన్నాయి. ఏది కుడి, ఏది ఎడమ అన్నది ముఖ్యం, ఎందుకంటే లోపలి వ్యాసం వేరు. ఇనుము మీద ఎక్కేదానికి 22 మిల్లీమీటర్లు, గొట్టం మీద ఎక్కేది ఇంకాస్త వెడల్పు. కంట్రోలు చిన్న పెట్టె, రబ్బరు బటన్లు, అయిదు మెట్లు: 30, 40, 50, 75, 100 శాతం. ఇంకా వైర్లు, అంటించడానికి గమ్ము, కాగితం. ఆ కాగితంలో గొట్టం గట్లు అరగదీయమని స్పష్టంగా ఉంది. మేస్త్రీకి చూపిస్తే, "ఇంగ్లీషోడు కూడా నాలాగే చెప్పాడు" అని మురిసిపోయాడు.

బిగింపుకి ఆదివారం మధ్యాహ్నం మొత్తం పట్టింది. నేను స్టూలు వేసుకుని పక్కనే కూర్చున్నాను. ఎవరైనా చేయించుకునేవాళ్ళుంటే ఈ భాగం మీ మెకానిక్‌కి చదివి వినిపించండి.

యాక్సిలరేటర్ గొట్టాన్ని బండి మీద ఉండగానే అరగదీయలేదు, కేబులు విప్పి బయటికి తీశాడు. అక్కడే అరగదీస్తే ప్లాస్టిక్ పొడి గొట్టానికీ ఇనుముకీ మధ్య దూరి మళ్ళీ అదే బిగుతు వస్తుందట. పొడి తుడిచి, గొట్టం ఒక్కటే తొడిగి, వేలితో తిప్పి వదిలితే టక్కున వెనక్కి రావాలి. వచ్చింది. తరవాత గమ్ము లేకుండా గ్రిప్పు ఎక్కించి చూశాడు. గ్రిప్పులోంచి వైరు ఒకచోట బయటికి వస్తుంది, అది ముందు బ్రేకు లివరుకి గానీ ఆయిలు డబ్బాకి గానీ తగలకూడదు. పూర్తిగా రైజు చేసినప్పుడు ఒకచోట ఉంటుంది, వదిలినప్పుడు ఇంకోచోట. ఆ రెండిటి మధ్యా ఎక్కడా పట్టకూడదు. సరైన చోటు దొరికాక గ్రిప్పు మీదా పెట్టె మీదా సుద్దతో గీత పెట్టాడు. ఆ సుద్దముక్క నా జేబులోదే.

గమ్ము పూసిన తరవాత చేతిలో ఉండేది కొన్ని సెకన్లే. ఆలోపు తోసి, గీతలు కలిపి, ఆపెయ్యాలి. ఆలస్యమైతే సగంలోనే పట్టేసుకుంటుంది, మళ్ళీ కోసి తీయాల్సిందే. గ్రిప్పుకీ మీటల పెట్టెకీ మధ్య సన్నటి సందు, ఈ చివర బార్ వెయిటుకీ (హ్యాండిల్ కొసన బిగించే బరువు) గ్రిప్పుకీ మధ్య ఇంకో సన్నటి సందు వదిలాడు. పోస్టు కార్డు దూరి బయటికి రావాలన్నాడు.

వైర్ల పని వచ్చేసరికి నేను పాఠం చెప్పబోయాను, అతను వినలేదు. సామర్థ్యం విషయంలో మాత్రం నా లెక్కే చెల్లింది. ఈ గ్రిప్పులు పూర్తి వేడి మీద దాదాపు 4 ఆంపియర్లు లాగుతాయి, అంటే సుమారు 50 వాట్లు. బండిలో కరెంటు పుట్టించేది ఆల్టర్నేటర్, హిమాలయన్ 411లో అది 220 వాట్లది. హెడ్‌లైటు 55, మిగతా లైట్లు, పెట్రోలు పంపు, ఇంజను కంప్యూటరు, ఏబీఎస్ అన్నీ పోను ఇంకా మిగులుతుంది. మావాడు ఫాగ్ లైట్లు కూడా పెట్టిస్తానన్నాడు. రెండూ పెట్టుకుంటే ఘాట్‌లో తక్కువ రైజింగ్ మీద గంటలకొద్దీ పాకేటప్పుడు లెక్క బిగుతవుతుంది, వద్దన్నాను. చిన్న బండి ఉన్నవాళ్ళు ఈ లెక్క తప్పకుండా వేసుకోండి. నూటపాతిక సీసీ బండ్లలో ఆల్టర్నేటర్ దీనికంటే బాగా చిన్నది. 50 వాట్లు అడిగితే అది ఇంట్లో పెళ్ళి పెట్టుకుని పక్కింటివాళ్ళ గిన్నెలు అరువు అడిగినట్టే.

మేస్త్రీ ఒక రిలే పెట్టాడు, అంటే ఇంకో వైరులో కరెంటు వస్తేనే తెరుచుకునే మీట. దాన్ని పార్కింగు లైటు వైరుతో మేల్కొలిపాడు. తాళం తిప్పితేనే గ్రిప్పులకి కరెంటు. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉంది. నిజానికి ఈ కంట్రోలుకే తెలివి ఉంది, ఇంజను ఆగితే అది గమనించి తనే ఆఫ్ అయిపోతుంది. అయినా ఒకసారి పిల్లల చేత గ్రౌండు చుట్టూ బండి తోయించిన మాస్టారు కాబట్టి రెండో తాళం కూడా వేయించుకున్నాను.

చివర్లో ఒక పరీక్ష చేశాడు. అది నాకు బాగా నచ్చింది. ఇంజను ఐడిల్‌లో పెట్టి హ్యాండిల్ పూర్తిగా ఎడమకి, పూర్తిగా కుడికి తిప్పాడు. రైజింగ్ కొంచెం పెరిగినా వైరో కేబులో లాగుతోందని అర్థం. పెరగలేదు. యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి వదిలితే టప్‌మని వెనక్కి వచ్చింది. కూలీ ఎంత అంటే 600 అన్నాడు. గురుదక్షిణ కింద తగ్గించాడో పెంచాడో తెలియదు, ఇచ్చేశాను.

ఇక వాడకం. ఇంట్లో బయలుదేరేటప్పుడు వేయను, అనవసరం. డౌనూరు దగ్గర రెండో మెట్టు. ఘాట్ సగానికి వచ్చేసరికి మూడో మెట్టు. చాలా రోజులకి అదే చాలు. అరచేతిలో కాచిన పాల గ్లాసు పెట్టుకుని, అది తాగే వేడికి వచ్చినప్పుడు ఎలా ఉంటుందో అలా ఉంటుంది. పొగమంచు ముసురుకుని, గ్లౌజుల మీద నీటి బొట్లు నిలిచే రోజుల్లో 75. పూర్తి వేడి ఎప్పుడైనా వేసినా అయిదు నిమిషాలకే. అంతకంటే ఎక్కువసేపు ఉంచితే పల్చటి గ్లౌజులోంచి చురుక్కుమంటుంది. ఎడమ, కుడి తేడా నా చేతులకి తెలియలేదు. మల్టీమీటరు పెట్టి చూడాలని చెయ్యి దురద పెట్టింది. గమ్ము పెట్టి అంటించిన వస్తువుని విప్పడం ఎందుకని ఊరుకున్నాను.

అసలు తేడా తెలిసేది బ్రేకు దగ్గర. కొంకర్లు పోయిన వేళ్ళతో ముందు బ్రేకు పడితే ఎంత పట్టానో తెలియదు. అయితే తక్కువ, లేకపోతే ఒక్కసారిగా ఎక్కువ. లంబసింగి మలుపుల్లో పొద్దున్న రోడ్డు తడిగా ఉంటుంది, మధ్యలో పశువులు నిలబడి ఉంటాయి. వేళ్ళకి స్పర్శ ఉండటం విలాసం కాదని అక్కడ తెలుస్తుంది. ఇంకో లాభం కూడా ఉంది, ఎవరూ చెప్పనిది: చేతులు వెచ్చగా ఉంటే భుజాలు వదులవుతాయి. ఇంతకు ముందు బడికి చేరేసరికి మెడ పట్టేసి ఉండేది. నేను దాన్ని వయసు ఖాతాలో వేసుకున్నాను.

ఇప్పుడు పేచీలు. ఇవి ఈ కంపెనీకే పరిమితం కాదు, ఏ కంపెనీ వేడి గ్రిప్పుకైనా వర్తిస్తాయి. వేడి అరచేతికే వస్తుంది. గాలి కొట్టేది చేతి వెనకవైపు. క్లచ్చు మీదా బ్రేకు మీదా వేసి ఉంచే రెండేసి వేళ్ళు చల్లటి లోహం మీద ఉంటాయి, వాటికి గ్రిప్పు వేడి అందదు. ఆ రెండు వేళ్ళ కోసం నేను తరవాత హ్యాండ్ గార్డులు పెట్టించాను. చేతుల ముందు ప్లాస్టిక్ అడ్డు, అంతే. నిజం చెప్పాలంటే సుఖంలో సగం దానివల్లే వచ్చింది. డబ్బులు తక్కువున్నవాళ్ళు ముందు గార్డులు పెట్టించుకుని ఒక నెల చూడండి, ఆ తరవాత గ్రిప్పుల గురించి ఆలోచించండి. గార్డులకి కరెంటు అక్కర్లేదు, ఆకురాయి అక్కర్లేదు.

గ్లౌజుల విషయంలో మనకి అలవాటైన బుద్ధి తిరగెయ్యాలి. మందంగా ఉంటే మంచిదనుకుంటాం. మందపాటి ఉన్ని అరచేతిలో ఉంటే గ్రిప్పు వేడి దాన్ని దాటి రావడానికే ఆపసోపాలు పడుతుంది. అరచేతి వైపు పల్చటి తోలు, వెనకవైపు మందం ఉన్నవి చూసుకోండి.

గ్రిప్పులు లావు. మామూలు రబ్బరు గ్రిప్పులో వైర్లు ఉండవు, వీటిలో ఉంటాయి, లావెక్కక ఏం చేస్తాయి? నా చేతులు పెద్దవి కాబట్టి వారంలో అలవాటైంది. మా హిందీ మేడమ్ స్కూటీ మీద వస్తారు, ఆవిడ చేతులు చిన్నవి. ఒకసారి నా బండి హ్యాండిల్ పట్టుకుని చూసి, "రోకలి పట్టుకున్నట్టుంది మాస్టారూ" అన్నారు. ఆవిడ స్కూటీకి వీటిని వద్దనే చెప్పాను, చేతుల మీదుగా హ్యాండిలుకి తొడిగే మందపాటి కవర్లు కొనిపించాను. చూడటానికి తలగడలు కట్టినట్టుంటాయి, కానీ ఆవిడకి అవే చాలాయి.

మార్చి నుంచి అక్టోబరు దాకా ఇవి మామూలు గ్రిప్పులే, పైగా కాస్త గట్టి గ్రిప్పులు. నర్సీపట్నం ఎండల్లో మేలో బండి నిలబెడితే ఏ కరెంటూ లేకుండానే వందో మెట్టు మీద కాలుతాయి. ఏడాదిలో నాలుగు నెలల పనికి ఇంత డబ్బా అంటే, విజయవాడలోనో రాజమండ్రిలోనో ఉన్నవాడికి నేను కొనమని చెప్పను. జనవరిలో రెండు రోజులు అరకు ట్రిప్పు వేసేవాడికీ చెప్పను, మంచి గ్లౌజులు కొనుక్కోండి. పాడేరు, చింతపల్లి, జీకే వీధి వైపు రోజూ పొద్దున్నే ఎక్కి దిగే ఉద్యోగులకి, ఏఎన్ఎమ్‌లకి, బ్యాంకు వాళ్ళకి, పాల వ్యాను ముందు బండి మీద పోయే కుర్రాళ్ళకి చెబుతాను. కానీ బిగించే మనిషి చేతిలో ఆకురాయి లేకపోతే వెనక్కి వచ్చెయ్యండి.

రెండో శీతాకాలం చివరికి కుడి గ్రిప్పు వైరుకి బయటికొచ్చే చోట ఒకసారి మేస్త్రీ చేత స్లీవు వేయించాను. ఏమీ తెగలేదు, రోజుకి వేలసార్లు తిరిగే వైరు కదా అని ముందు జాగ్రత్త. ఇంకేమీ చేయించలేదు.

బడిలో వీటికి వేరే పేరు వచ్చింది. ఒకరోజు పొద్దున్న బండి ఆపగానే ఆరో తరగతి పిల్లాడొకడు, పైన పల్చటి దుప్పటి కప్పుకుని ఉన్నవాడు, గ్రిప్పు మీద చెయ్యి వేసి వెంటనే తీసేశాడు. "మాస్టారూ, మీ బండికి జొరమొచ్చింది" అన్నాడు. మర్నాడు నలుగురు వచ్చారు, ఆ మర్నాడు వరస. ఇంజను ఆపేస్తే కాసేపటికి వేడి ఆగిపోతుంది, అందుకని ఇప్పుడు బడికి పది నిమిషాలు ముందే చేరుతున్నాను. బండి స్టాండు వేసి, న్యూట్రల్‌లో ఇంజను నడుస్తూ ఉండగా, మెట్టు మూడులో పెట్టి పక్కన నిలబడతాను. ఎడమ గ్రిప్పుకి ఒక వరస, కుడి గ్రిప్పుకి ఒక వరస. కుడివైపు ఎవడూ తిప్పకుండా నా చెయ్యి పైన ఉంటుంది. ఒక్కొక్కడికి పది అంకెలు లెక్కపెట్టేదాకా. పెట్రోలు ఖర్చు నాదే.

కిందటి జనవరిలో పొగమంచు బాగా దట్టంగా ఉన్న ఒక పొద్దున్న, ఎడమ వరస చివర్న మా హెడ్మాస్టారు నిలబడ్డారు. నేను చూడనట్టు కుడివైపు తిరిగి లెక్కపెడుతూ ఉన్నాను. ఆయన వంతు ఇరవై దాకా సాగింది.